మొహం చూసి చెప్పిన మాట

పోయిన సీజన్‌లో ఒక ఆదివారం నాలుగు కుటుంబాలు మా ఇంట్లో భోజనానికి కలిశాం. మేముండేది ఇండియానాపోలిస్ పక్కన ఫిషర్స్‌లో. టీవీలో మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోల్ట్స్ మ్యాచ్ నడుస్తోంది, టేబుల్ మీద బిర్యానీ ఉంది. ఇంతలో మా స్నేహితుడి కొడుకు, హైస్కూల్లో చదువుతున్నాడు, ఉన్నట్టుండి అడిగాడు: "అంకుల్, కోల్ట్స్ చేసిన తప్పులన్నిటిలోకీ పెద్దది పేటన్ మ్యానింగ్‌ని వదిలేయడమే కదా?"

వాడు పుట్టింది 2009లో. మా జట్టుని ముందుండి నడిపించిన మ్యానింగ్ 2012లో వెళ్ళిపోయిన రోజుకి వాడికి మూడేళ్ళు. మ్యానింగ్ ఆటని వాడు యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నాడు. అయినా వాడి మాట పడగానే పెద్దవాళ్ళం నలుగురం ప్లేట్లు పక్కన పెట్టేశాం. వాళ్ళ నాన్న 2012లో అన్న మాటే మళ్ళీ అన్నాడు: "ఏరు దాటి తెప్ప తగలేశారురా." కార్మెల్ నుంచి వచ్చిన ఇంకో మిత్రుడు "ఇది వ్యాపారం, ఇందులో తెప్పేంటి, ఏరేంటి" అన్నాడు. గంటసేపు అదే గొడవ. ఆ రోజు మ్యాచ్‌లో ఎవరు గెలిచారో కూడా నాకిప్పుడు గుర్తులేదు.

ఆ గొడవలో నేను సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఇద్దరి మాటా నాకు నచ్చలేదు, ఎందుకు నచ్చలేదో అప్పటికప్పుడు చెప్పడం చేతకాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మ్యానింగ్‌ని వదిలేయడం తప్పు కాదు. అది ఒట్టి వ్యాపారం అన్నా నేను ఒప్పుకోను. పద్నాలుగేళ్ళు ఒక ఊరికి ఆడిన మనిషిని పంపించక తప్పనప్పుడు ఎలా పంపించాలో ఆ రోజు ఈ ఊళ్ళో చూశాను. అలా పంపించకపోతే ఏమవుతుందో వేరేచోట్ల చూశాను. నా మాటంతా ఆ తేడా గురించే.

నేను ఈ ఊరికి చదువుకోడానికి వచ్చింది 2005లో. అప్పటికి నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. ఇండియానా అంటే బాస్కెట్‌బాల్ రాష్ట్రం, మే నెలలో కార్ల రేసు. ఫుట్‌బాల్ ఇక్కడికి 1984లోనే వచ్చినా, దాన్ని ఇంటింటికీ తెచ్చింది మ్యానింగ్ అని పాతవాళ్ళు చెప్పేవాళ్ళు. నేను వచ్చేసరికే అది నా కళ్ళకి కనిపిస్తోంది. క్రికెట్‌లో కెప్టెన్, ఓపెనర్, వికెట్ కీపర్ ముగ్గురూ ఒక్కడే అయితే ఎలా ఉంటుందో, మ్యానింగ్ ఆడే క్వార్టర్‌బ్యాక్ పని అలా ఉంటుంది. మ్యానింగ్ అయితే కోచ్ పని కూడా సగం తనే చేసేవాడు. బంతి చేతికి రాకముందే చేతులూపుతూ, అరుస్తూ, అవతలివాళ్ళ వరస చూసి మన వరస మార్చేసేవాడు. 2007 ఫిబ్రవరిలో షికాగోని 29-17తో ఓడించి లీగ్ ఫైనల్, అంటే సూపర్ బౌల్, గెలిచినప్పుడు, మర్నాడు ఊరేగింపు చూడ్డానికి చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే రోడ్డు మీద నిలబడ్డాను. ఈ ఊరు నాది అని మొదటిసారి అనిపించింది ఆ సాయంత్రమే. కాబట్టి నేను పక్కనుంచి చూసి చెప్తున్న మాట కాదిది.

ఆ రోజుకి చేతిలో ఏముంది

ఇలాంటి వాదనల్లో అందరూ తర్వాత జరిగింది చెప్తారు. డెన్వర్‌కి వెళ్ళి 2013లో 55 టచ్‌డౌన్లు కొట్టాడు కదా, ఇంకో సూపర్ బౌల్ గెలిచాడు కదా అంటారు. అది మనకి ఇప్పుడు తెలుసు. 2012 మార్చిలో ఎవరికీ తెలీదు. మ్యానింగ్‌కే తెలీదు.

ఆ రోజుకి తెలిసింది వేరు. 2011 మేలో మెడకి ఆపరేషన్ అయింది. నరం దెబ్బతిని, బంతి విసిరే కుడిచెయ్యి బలం పోయింది. అప్పుడు లీగ్‌లో లాకౌట్ నడుస్తోంది, సొంత జట్టు డాక్టర్ల దగ్గరికి పోవడానికి కూడా వీల్లేదు. డెన్వర్‌లో తన కాలేజీ మిత్రుడు, బేస్‌బాల్ ఆటగాడు టాడ్ హెల్టన్ దగ్గరికి వెళ్ళి, ఎవరూ చూడని చోట బంతి విసిరి చూశాడు. కొద్ది దూరం విసిరిన బంతి మధ్యలోనే నేల మీద పడిపోయింది. వేళాకోళం చేస్తున్నాడనుకున్నాడట హెల్టన్. ఆ సంగతి చాలా రోజుల తర్వాత మ్యానింగే చెప్పాడు. నేను చదివింది 2013లో. చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ప్రపంచంలో అంతకంటే బాగా ఆ పని చేసేవాడు లేడు అనిపించుకున్న మనిషి, ఆ పని తన చేతికి రావట్లేదని మిత్రుడి ఎదుట తెలుసుకోవడం ఎలా ఉండి ఉంటుందో.

సెప్టెంబర్‌లో మెడ ఎముకలు కలిపే ఆపరేషన్ చేశారు. 2011 సీజన్ మొత్తం పోయింది. ఆ సీజన్ ఎలా గడిచిందో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. వరసగా 13 ఓటములు. అక్టోబర్‌లో న్యూ ఆర్లీన్స్‌లో, అంటే మ్యానింగ్ పుట్టిన ఊళ్ళోనే, 62-7. డిసెంబర్‌లో టెనెసీ మీద మొదటి గెలుపు వచ్చిన రోజు మేము సంతోషించలేకపోయాం. ఓడితేనే డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునేచోట, మొదటి పిక్ వస్తుంది, మొదటి పిక్ వస్తేనే స్టాన్‌ఫర్డ్ క్వార్టర్‌బ్యాక్ కుర్రాడు ఆండ్రూ లక్ వస్తాడు. మా తెప్ప మిత్రుడే నాలుగు రోజుల తర్వాత హ్యూస్టన్ మీద కూడా గెలిచినప్పుడు "ఇప్పుడెందుకు గెలుస్తున్నార్రా" అని తల పట్టుకున్నాడు. చివరికి 2-14తో సీజన్ ముగిసింది, మొదటి పిక్ దక్కింది.

ఈ మాట వాడికి ఆ ఆదివారం గుర్తుచేయాలనుకుని ఆగిపోయాను. లక్ రావాలని డిసెంబర్‌లో మనమే కోరుకున్నాం. అతను వస్తే మ్యానింగ్ ఉండడని మనలో ఎవరికి తెలీదు? మార్చిలో తెప్ప తగలేశాడని అప్పటి ఓనర్ జిమ్ ఇర్సేని తిట్టాం కానీ, నిప్పు మనమూ కోరుకున్నాం.

ఇక డబ్బు. 2011 జులైలో మ్యానింగ్ సంతకం చేసిన ఒప్పందం ఐదేళ్ళకి 9 కోట్ల డాలర్లు. అందులో 2.8 కోట్ల డాలర్ల బోనస్ 2012 మార్చి 8 లోపల తేల్చాలి. తేల్చితే ఇతనితోనే ముందుకి, లేకపోతే వదిలెయ్యాలి. అప్పటికి మ్యానింగ్ వయసు 36కి దగ్గరపడింది, మెడకి ఒకటికి మించి ఆపరేషన్లు అయ్యాయి, ఏడాదిపాటు ఒక్క మ్యాచ్ ఆడలేదు. జట్టు నిండా వయసు మళ్ళినవాళ్ళు. ఆ ఆధారాలతో, ఆ తేదీ లోపల, మీరైతే ఏం చేస్తారు? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు వేసుకున్నాను. ప్రతిసారీ ఒకటే జవాబు వచ్చింది, ప్రతిసారీ కష్టంగానే వచ్చింది.

దీనికి ఎదురుగా ఉన్న వాదనల్లో ఒక్కటే నన్ను నిజంగా ఇబ్బంది పెడుతుంది. మొదటి పిక్‌ని అమ్మేయొచ్చు కదా అనేది. ఆ మార్చిలోనే రెండో పిక్ కోసం వాషింగ్టన్ జట్టు రామ్స్‌కి మూడు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక రెండో రౌండ్ పిక్ ఇచ్చింది. రెండోదానికే అంత ధర పలికితే మొదటిదానికి ఎంత వచ్చేదో. ఆ పిక్‌లతో మ్యానింగ్ చుట్టూ కొత్త జట్టు కట్టి ఉంటే? కార్మెల్ మిత్రుడు కూడా దీనికి జవాబు చెప్పలేకపోయాడు. నా దగ్గరా పూర్తి జవాబు లేదు. చెయ్యి తిరిగి వస్తుందని నమ్మకముంటే అదే మంచి దారి. రాకపోతే ఈ ఊరు మళ్ళీ పదేళ్ళు 2011 సీజన్ చూసి ఉండేది. డెన్వర్ ఆ పందెం వేయగలిగింది. వాళ్ళు పోగొట్టుకునేది తక్కువ, వాళ్ళ ముందు లక్ లాంటి వాడు నిలబడి లేడు.

ఉంగరాల లెక్క

కుర్రాడి వాదన అంతా ఉంగరాల మీదే, అంటే సూపర్ బౌల్ గెలిచినవాళ్ళకి ఇచ్చే ఉంగరాలు. డెన్వర్‌లో మ్యానింగ్‌కి ఉంగరం వచ్చింది, మనకి రాలేదు, కాబట్టి తప్పు మనది. ఈ లెక్క మొదటినుంచీ నాకు నచ్చదు.

2016 ఫిబ్రవరిలో కరొలైనా మీద 24-10తో డెన్వర్ గెలిచిన రాత్రి మ్యానింగ్ విసిరింది మొత్తం 141 గజాలు. ఆ సీజన్‌లో అతను కొట్టినవి 9 టచ్‌డౌన్లు, అవతలివాళ్ళ చేతిలో పడేసినవి 17. మధ్యలో బెంచ్ మీద కూర్చోబెట్టారు కూడా. ఆ ఉంగరం డెన్వర్ డిఫెన్స్ ఆటగాడు వాన్ మిల్లర్‌ది, ఆ డిఫెన్స్‌ది. రెండేళ్ళ ముందు, అన్ని రికార్డులూ బద్దలుకొట్టిన ఏడాది, సూపర్ బౌల్‌లో సియాటిల్ చేతిలో 43-8తో ఓడాడు. గొప్పగా ఆడినప్పుడు రాని ఉంగరం, చెయ్యి ఉడిగిపోయాక వచ్చింది. నాకు సంతోషమే. ఆ రాత్రి ఇంట్లో ఒక్కణ్ణే లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. కానీ దాన్ని పట్టుకుని ఇండియానాపోలిస్ ఏం చేసి ఉండాల్సిందో ఎలా తేలుస్తాం?

అవతలి వైపు లెక్కా అంతే. "లక్ వచ్చిన మొదటి మూడేళ్ళూ 11-5, 2015 జనవరిలో డెన్వర్ వెళ్ళి మ్యానింగ్‌నే ఓడించాడు, కాబట్టి మనమే కరెక్ట్" అని కార్మెల్ మిత్రుడు అన్నాడు. లక్ భుజం చెడకుండా ఉంటే ఆ లెక్క ఇంకా పెరిగేది, మొదటి ఏడాదే చెడి ఉంటే ఉండేదే కాదు. ఒక నిర్ణయం సరైనదో కాదో ఒక కుర్రాడి భుజం మీద ఆధారపడుతుందా? తీసుకున్న రోజున ఏం తెలుసో దాన్ని బట్టే చూడాలి. ఇంకో పేరున్న క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ 2020లో న్యూ ఇంగ్లండ్ వదిలి టాంపా వెళ్ళి ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్ గెలిచినప్పటి నుంచీ ఈ ఉంగరాల వాదన ఇంకా ముదిరింది. ఇప్పుడు ప్రతి పాత క్వార్టర్‌బ్యాక్ విషయంలోనూ అదే కొలబద్ద.

అదే ఫ్రాంచైజీ, ఇంకో నంబరు

ఇక్కడే ఒక పాత కథ చెప్పాలి. కోల్ట్స్ ముందు బాల్టిమోర్ జట్టు. వాళ్ళకి మ్యానింగ్ లాంటివాడు, చాలామంది లెక్కలో అంతకంటే గొప్పవాడు, జానీ యూనిటస్. నంబరు 19. 1972లో ఆ జట్టుని రాబర్ట్ ఇర్సే తీసుకున్నాడు, అంటే జిమ్ ఇర్సే తండ్రి. ఆ సీజన్‌లోనే యూనిటస్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టి, 1973లో శాన్ డియేగోకి అమ్మేశారు. తర్వాత 1984 మార్చిలో ఒక రాత్రికి రాత్రి సామానంతా లారీలకెక్కించి జట్టుని ఇండియానాపోలిస్‌కి తెచ్చేశారు. బాల్టిమోర్ నిద్రలేచేసరికి జట్టు లేదు.

మా ఊరికి ఫుట్‌బాల్ ఇలాగే వచ్చింది. ఇంకో ఊరు ఏడిస్తే వచ్చింది. మేమిక్కడ ఆ మాట ఎక్కువగా అనుకోం.

యూనిటస్ ఇండియానాపోలిస్ కోల్ట్స్‌తో తనకి సంబంధం లేదన్నాడు, చనిపోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. ఇవాళ అతని విగ్రహం బాల్టిమోర్‌లో, ఆ ఊరి ఇప్పటి జట్టు రేవెన్స్ స్టేడియం ముందు ఉంది. అతను ఒక్క ఆట కూడా ఆడని జట్టు ఇంటి ముందు. 2002 సెప్టెంబర్‌లో యూనిటస్ చనిపోయినప్పుడు, అతను వేసుకునే నల్ల హైటాప్ బూట్లు వేసుకుని ఒక మ్యాచ్ ఆడతానని మ్యానింగ్ అడిగాడు. లీగ్ ఒప్పుకోలేదు, వేస్తే ఫైన్ అంది. మ్యానింగ్ వేసుకోలేదు. అడిగాడన్నది మాత్రం నేను మర్చిపోలేదు. తన కుర్చీలో ముందు కూర్చున్నవాణ్ణి ఎలా పంపించారో అతనికి బాగా తెలుసు.

నిర్ణయం మాత్రమే చూస్తే, 1973లో తండ్రి జట్టు చేసింది, 2012లో కొడుకు చేసింది ఒకటే. వయసు మీరిన క్వార్టర్‌బ్యాక్‌ని వదిలి కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. యూనిటస్‌కి అప్పటికి 39 ఏళ్ళు, శాన్ డియేగోలో ఒక్క సీజన్ ఆడి మానేశాడు. ఆట లెక్కలో చూస్తే బాల్టిమోర్ నిర్ణయం తప్పని ఎవరూ అనలేరు. అయినా ఒక మనిషి చచ్చేదాకా ఆ జట్టు మొహం చూడలేదు. రెండో మనిషి విగ్రహం ఇవాళ మా లూకస్ ఆయిల్ స్టేడియం ముందు నిలబడి ఉంది. నిర్ణయం ఒకటే అయినప్పుడు తేడా వచ్చింది ఎక్కణ్ణుంచి?

2012 మార్చి 7, బుధవారం. మా ఆఫీసులో కాన్ఫరెన్స్ రూమ్ టీవీ చుట్టూ జనం. ఇర్సే, మ్యానింగ్ పక్కపక్కనే నిలబడ్డారు. వదిలేస్తున్నట్టు కాగితం మీద రాసి పంపి ఉంటే సరిపోయేది, రోజూ అలా ఎంతోమందిని వదిలేస్తారు. ఓనర్ అక్కడికొచ్చి నిలబడ్డాడు. గొంతు వణుకుతుంటే చెప్పాడు. మ్యానింగ్ వేసుకున్న 18వ నంబరు ఇంకెవరూ వేసుకోరని చెప్పాడు. మ్యానింగ్ తనకి ఇంకా ఆడాలని ఉందనీ, వేరే ఊళ్ళో ఆడాలని ఎప్పుడూ అనుకోలేదనీ చెప్పాడు. అభిమానుల పేరు ఎత్తినప్పుడు అతని గొంతు పూడుకుపోయింది. మా అకౌంట్స్‌లో పనిచేసే పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. మా పక్కింటి పెద్దాయన, జట్టు వచ్చిన 1984 నుంచీ చూస్తున్నవాడు, ఆ సాయంత్రం కిటికీలో 18వ నంబరు జెర్సీ వేలాడదీశాడు. నెలరోజులు అలాగే ఉంచాడు. కానీ గుమ్మం ముందున్న కోల్ట్స్ జెండా దించలేదు. అప్పుడు నాకది వింతగా అనిపించింది. కోపముంటే జెండా దించాలి కదా అనుకున్నాను.

ఇర్సే దేవుడని నేననట్లేదు. జనవరిలో మ్యానింగ్ పేపర్‌తో మనసు విప్పి మాట్లాడితే, ఇంటి మాట ఇంట్లోనే ఉంచాలన్నట్టు పదిమందిలో మందలించాడు, రాజకీయ నాయకుడిలా మాట్లాడుతున్నాడన్నాడు. 2013 అక్టోబర్‌లో మ్యానింగ్ డెన్వర్ జెర్సీతో తొలిసారి ఈ ఊరొచ్చే ముందు, అన్నేళ్ళు అంత ఆడినా ఒక్కటే ఉంగరం వచ్చిందన్నట్టు మాట్లాడి ఊరందరి మనసూ పాడుచేశాడు. ఆ రెండు మాటలూ నాకు ఇప్పటికీ మింగుడుపడవు. ఇంకో అనుమానం కూడా ఉంది. లక్ చేతిలో ఉన్నాడు కాబట్టి ఇర్సే అంత ధైర్యంగా పక్కన నిలబడగలిగాడేమో. చేతిలో ఏమీ లేకపోతే అతనూ మొహం చాటేసేవాడేమో. కావచ్చు. మనిషి మనసులో ఏముందో కాదు, ఆ రోజు ఏం చేశాడో అదే నేను చూడగలను. ఎదురుగా నిలబడి చెప్పాడు.

ఆ 2013 మ్యాచ్‌కి నేను పై వరస టికెట్ కొనుక్కుని వెళ్ళాను. ఆట మొదలయ్యే ముందు మ్యానింగ్ వీడియో వేశారు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. అతను హెల్మెట్ తీసి చెయ్యెత్తాడు. తర్వాత ఆటలో రాబర్ట్ మేథిస్, ఏళ్ళ తరబడి అతనితో ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్నవాడు, వెనకనుంచి వచ్చి అతన్ని కొట్టి బంతి రాలగొట్టాడు. అదే స్టేడియం పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది. 39-33తో మనం గెలిచాం. ఒకే రోజు ఒకే మనిషికి లేచి నిలబడటం, అతను కింద పడితే అరవడం, రెండూ కపటం లేకుండా చేయగలిగాం. వీడ్కోలు సరిగ్గా జరిగింది కాబట్టే అది కుదిరిందని నేననుకుంటున్నాను. సగం చెప్పి సగం దాచిన వీడ్కోలు అయి ఉంటే ఆ రోజు ఏదో ఒకటి విషమయ్యేది.

మన తెలుగువాళ్ళకి ఈ సంగతి తర్వాత అర్థమయ్యేలా జరిగింది. సన్‌రైజర్స్ హైదరాబాద్ సంగతే చూడండి. 2016లో కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ని 2021 మే 1న కెప్టెన్సీ నుంచి తీసేశారు, వెంటనే జట్టులోంచీ తీసేశారు. పరుగులు తగ్గిన మాట నిజం. కానీ కెప్టెన్సీ ఎందుకు తీసేశారో తనకెవరూ చెప్పలేదని తర్వాత వార్నరే అన్నాడు. మన పాటలకి ఇంట్లో పిల్లలతో కలిసి డాన్స్ చేసిన మనిషి, చివరికి స్టాండ్స్‌లో కూర్చుని జెండా ఊపుతూ కనిపించాడు. ఆ ఏడాది మా వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ ఆట లెక్కలు మాట్లాడలేదు. అందరూ ఒకటే అడిగారు: ఒక్క మాట చెప్పొచ్చు కదా? తీసేయకూడదని కాదు వాళ్ళ బాధ.

తాళాలు

ఈ విషయం మీద నాకింత పట్టుదల ఎందుకో చెప్పకపోతే ఈ రాసిందంతా సగమే అవుతుంది.

మా నాన్న లారీ డ్రైవరు. ఇరవై రెండేళ్ళు ఒకే ఓనర్ దగ్గర పనిచేశాడు. ఖమ్మం నుంచి నాగపూర్, రాయపూర్ దాకా మిర్చి లోడ్లు. యాభై దాటాక రాత్రిపూట ఎదురు లైట్లకి కళ్ళు చెదిరేవి. ఒకసారి వరంగల్ దాటాక లారీ రోడ్డు దిగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఓ పది రోజులకి నాన్న డ్యూటీకని ఆఫీసుకి వెళితే, గుమాస్తా తలెత్తకుండా "మీ బండి వేరేవాళ్ళు తీసుకెళ్ళారు" అన్నాడు. ఎప్పుడొస్తుందని అడిగితే చెప్పలేదు. వారం రోజులు నాన్న రోజూ వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చునేవాడు. లోపల ఓనర్ ఉన్నాడు, బయటికి రాలేదు. ఎనిమిదో రోజు నాన్న వెళ్ళలేదు.

నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఓనర్ అన్యాయం చేశాడని నేను అరుస్తుంటే నాన్న ఒక్కటే అన్నాడు: "నా కళ్ళు తగ్గిన మాట నిజమే నాయనా. ఆ మాట ఆయన నాతో అంటే తాళాలు నేనే ఇచ్చేవాణ్ణి."

నాన్న ఆ తర్వాత ఆ వీధిలోంచి నడవలేదు. బజారుకి వెళ్ళాలంటే చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. యూనిటస్ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ చుట్టుదారే.

2019 ఆగస్టు 24

ఇంతదాకా జట్టు ఆటగాణ్ణి ఎలా పంపించాలో రాశాను. ఆటగాడే వెళ్ళిపోతానంటే మనమేం చేశామో కూడా చెప్పాలి. ఇది చెప్పడానికి ఇష్టం లేదు, కానీ ఆ ఆదివారం మా గొడవలో ఎవరూ ఎత్తని సంగతి ఇదే.

లక్ కిందపడి లేస్తూ ఏడేళ్ళు గడిపాడు. భుజం, కిడ్నీ, పక్కటెముకలు, చివరికి కాలు. 2017 సీజన్ మొత్తం ఆడలేదు. 2018లో తిరిగొచ్చి 39 టచ్‌డౌన్లు కొట్టాడు. ఆ తర్వాతి ఆగస్టులో, షికాగోతో ప్రాక్టీసు మ్యాచ్ నడుస్తుండగా, అతను ఆట మానేస్తున్నాడని వార్త ఫోన్లలోకి వచ్చింది. వయసు 29. నేనూ, మా అమ్మాయీ, మా తెప్ప మిత్రుడూ స్టేడియంలోనే ఉన్నాం. వరసలు వరసలుగా తలలు ఫోన్ల మీదికి వంగాయి. మామూలు బట్టల్లో లక్ గ్రౌండ్ పక్కనే ఉన్నాడు. ఆట అయ్యాక లోపలికి నడుస్తుంటే జనం బూ అని అరిచారు. నా పక్కనున్న మిత్రుడూ అరిచాడు. 2012లో మ్యానింగ్ కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాడే.

నేను అరవలేదు. కానీ చప్పట్లు కూడా కొట్టలేదు. మా అమ్మాయి నా మొహంలోకి చూసి "నాన్నా, ఆయనకి దెబ్బలు తగిలాయి కదా, మరెందుకు అరుస్తున్నారు?" అంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రే లక్ మైకు ముందుకొచ్చి, దెబ్బ, నొప్పి, కోలుకోవడం, మళ్ళీ దెబ్బ, ఇదే చుట్టులో నలిగిపోయానన్నాడు. ఆ అరుపులు బాధపెట్టాయని దాచకుండా చెప్పాడు. అందరి ఎదుటా నిలబడి చెప్పాడు. ఏడేళ్ళ కిందట ఇర్సే చేసిన పనే ఇతనూ చేశాడు. మనం మాత్రం వినే స్థితిలో లేం.

2012లో మనమేమన్నాం? మనిషిని లెక్కల పుస్తకంలా చూడకూడదు, మెడ ఆపరేషన్‌ని పట్టుకుని మనిషిని తూచకూడదు అన్నాం. 2019లో ఒక మనిషి తన ఒంటిని తనే చూసుకుని ఇక చాలు అంటే, మన టికెట్ డబ్బులు, మన సీజన్ గుర్తొచ్చాయి. తెప్ప సామెత ఆ రోజు మన మీదే పడింది. ఏడేళ్ళు మనల్ని మోసిన తెప్ప మునిగిపోతుంటే అరిచాం. మా మిత్రుడు ఇంటికి తిరిగొచ్చేదాకా కార్లో మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం "అరవకుండా ఉండాల్సింది రా" అన్నాడు. వాడు మంచివాడు. ఆ ఆదివారం అందరి ముందూ ఈ సంగతి ఎత్తలేకపోవడానికి అదీ ఒక కారణం. ఈ రాసింది వాడికి ముందే చూపించాను. రాసుకో అన్నాడు.

ఆ తర్వాత మా ఊరికి వేరే ఊళ్ళ పాత క్వార్టర్‌బ్యాక్‌లు రావడం మొదలైంది. 2020లో ఫిలిప్ రివర్స్, పదహారేళ్ళు ఒకే జట్టుకి ఆడి వచ్చాడు. 2022లో మ్యాట్ రయన్, అట్లాంటాకి పద్నాలుగేళ్ళు ఆడి వచ్చాడు. వాళ్ళు మొదటిసారి ఇక్కడ గ్రౌండ్‌లోకి వచ్చినప్పుడు నేను వాళ్ళు వదిలొచ్చిన ఊళ్ళ గురించే ఆలోచించాను. అక్కడ ఏ ఇంట్లో ఏ కిటికీకి ఏ జెర్సీ వేలాడుతోందో అని.

కుర్రాడికి నేనింకా జవాబు చెప్పలేదు. మళ్ళీ కలిసినప్పుడు ఉంగరాలు పక్కన పెట్టి, 2012 మార్చి 7 వీడియో మొత్తం చూడమంటాను. పక్కింటి పెద్దాయన జెండా ఎందుకు దించలేదో అప్పుడు వాడితో మాట్లాడొచ్చు. ఆయన చనిపోయి మూడేళ్ళయింది. జెండా వాళ్ళ అబ్బాయి ఉంచాడు.

2018 ఎండాకాలంలో అమ్మానాన్నా మా దగ్గరికి వచ్చారు. ఒకరోజు డౌన్‌టౌన్ తీసుకెళ్ళాను. లూకస్ ఆయిల్ స్టేడియం ముందు మ్యానింగ్ విగ్రహం దగ్గర నాన్న ఆగాడు. అది పెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

"ఎవరు ఈయన?"

"ఇక్కడ ఆడేవాడు నాన్నా. చాలా గొప్పగా ఆడేవాడు."

"చనిపోయాడా?"

"లేదు. ఉన్నాడు. మెడకి ఆపరేషన్ అయితే జట్టువాళ్ళు వదిలేశారు. వేరే ఊరెళ్ళి ఆడాడు."

నాన్న విగ్రహం కేసి చూశాడు. "మరి ఈ బొమ్మ ఎవరు పెట్టారు?"

"వదిలేసిన ఓనరే."

నాన్న ఇంకేమీ అడగలేదు. ఎండ మండిపోతోంది, అమ్మ కారెక్కుదామంటోంది. నాన్న జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, విగ్రహం చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరిగి వచ్చాడు.